ముందు వాకిలి, తరువాత వాటా
(రెండు వ్యవస్థలున్న కంప్యూటరు నుండి లినక్సును తొలగించు క్రమము)

అన్నదమ్ములు వేరుపడునప్పుడు పొలము పంచుకొనుట అంత కష్టమైన పని కాదు. పెద్దమనుష్యులు నలుగురు కూర్చుండి, గట్టు వేయించి, కాగితము వ్రాయించి లేచిపోవుదురు. చిక్కు వచ్చునది ఉమ్మడి వాకిలి దగ్గర. తాళపుచెవి ఎవరి చేతిలో నున్నది, వెళ్ళిపోవువాడు దానిని ఎవరికి అప్పగించి పోవును అను సంగతి ముందుగ తేలనిచో, మిగిలినవాడు తన ఇంటిలోనికి తానే పోలేక వీధిలో నిలువవలసి వచ్చును. ఒకే కంప్యూటరులో రెండు వ్యవస్థలను పెట్టుకొని, తరువాత అందులో ఒకదానిని తీసివేయ దలచినవారికి ఎదురగు చిక్కు సరిగా ఇట్టిదే.

ఇటీవల మేము నెల్లూరు జిల్లా పడమటి మెట్టకు పోయినప్పుడు, ఆత్మకూరులో ఒక ఇంటను, ఉదయగిరిలో మరియొక ఇంటను ఈ పని జరిగిన తీరును చూచితిమి. ఒక ఇంటిలో ముందు వాటాను చెరిపిరి. రెండవ ఇంటిలో ముందు వాకిలిని సరిచేసికొనిరి. చేసిన పని రెండు చోట్లను ఒక్కటే. వరుస మాత్రము వేరు. ఆ వరుస వలన కలిగిన భేదమును శ్రోతలకు వివరించుటయే ఈ ప్రసంగము ఉద్దేశము.

రెండు వ్యవస్థలు ఎందుకు?

కంప్యూటరు మీట నొక్కిన తరువాత తెరను వెలిగించి, మనము వ్రాసిన దానిని దాచి, అడిగినప్పుడు తెచ్చి చూపు మూల యంత్రాంగమును ఆపరేటింగ్ సిస్టమ్ అందురు. మన ఇళ్ళలో హెచ్చుగా కనబడునది విండోస్. దానికి ధర కలదు. లినక్సు అట్లు కాదు. దానిని ఎవరైనను ఉచితముగ తెచ్చుకొనవచ్చును, మార్చుకొనవచ్చును, పొరుగువారికి పంచవచ్చును. 1983లో అమెరికాలో రిచర్డ్ స్టాల్మన్ ప్రకటించిన గ్నూ ప్రయత్నమును, 1991లో ఫిన్లండు దేశపు విద్యార్థి లినస్ టోర్వాల్డ్స్ వ్రాసి వెల్లడించిన లినక్సు కెర్నెలును కలిసి ఈ వ్యవస్థ రూపొందినది. దీని కూర్పులు అనేకములు: 1993లో ఆరంభమైన డెబియన్, 2004లో వెలువడిన ఉబుంటు మొదలైనవి. మన దేశమున సీడాక్ సంస్థ బాస్ అను పేర ఒక కూర్పును సిద్ధము చేసినది. తెలుగులో పని చేయుటకు వీలుగా స్వేచ్ఛ సంస్థవారు కూడ ఒక కూర్పును తయారుచేసిరి.

ఒకే యంత్రములో రెండింటిని పెట్టుకొను ఆచారమును డ్యూయల్ బూట్ అందురు. చదువుకొను పిల్లలు కళాశాలలో నేర్చిన పాఠములను ఇంటివద్ద చేసి చూచుటకై లినక్సును పెట్టుకొందురు. ఇంటివారు అలవాటైన విండోస్‌ను వదలుకొనరు. కాబట్టి రెండును ఉండును. మన పొరుగున తమిళనాడు ప్రభుత్వము 2011 నుండి విద్యార్థులకు ఉచితముగ పంచిన ల్యాప్‌టాపులలో కూడ విండోస్‌తో పాటు ఒక లినక్సును పెట్టి యిచ్చినది.

కొన్నాళ్ళకు చోటు చాలదు. చదువు ముగియును, పిల్లవాడు ఉద్యోగమునకు పోవును, లినక్సును తెరచువారుండరు. దాని క్రిందనున్న 50 గిగాబైట్లో, 100 గిగాబైట్లో తిరిగి తెచ్చుకొన్న బాగుండునని తోచును. ఇక్కడ ఒక్క మాట. తీసివేయు ముందు ఏది తీసివేయవలెనో ఆలోచింపవలెను. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సంస్థవారి సామాన్యమైన పోషణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. విండోస్ 11 కొన్ని పాత యంత్రములపై ఎక్కదు. అట్టి యంత్రమున లినక్సును ఉంచుకొని రెండవదానిని తొలగించుటయే మేలు కావచ్చును. ఆ లెక్క చూచుకొని, లినక్సునే తీసివేయ నిశ్చయించినవారి కొఱకు ఈ మాటలు.

ఒక వ్యవస్థ మూడు చోట్ల ఉండును

ఒక డిస్కు మీద వ్యవస్థ ఉన్నదనగా అది ఒక్క చోటనే ఉన్నదని అనుకొందుము. కాదు. అది మూడు చోట్ల ఉండును.

మొదటిది దాని వాటా. దీనినే పార్టిషను అందురు. డిస్కు అంతయు ఒక పెద్ద పొలమనుకొనుడు. అందులో ఎక్కడ నుండి ఎక్కడి వరకు ఎవరిది అను వివరము ఒక పట్టికలో వ్రాసియుండును. 1984 వరకు మన గ్రామములలో కరణము దగ్గర అడంగలు ఉండెడిది కదా, ఇదియు అట్టిదే. పాత పద్ధతి డిస్కులలో ఈ పట్టిక మొట్టమొదటి 512 బైట్ల గడిలోనే ఉండును. అందు 446 బైట్లు యంత్రమును మేలుకొలుపు చిన్న ఆజ్ఞలకు, 64 బైట్లు వాటాల పట్టికకు, చివరి 2 బైట్లు ముద్రకు కేటాయించిరి. వాటాకు 16 బైట్ల చొప్పున 4 వరుసలు మాత్రమే అందు పట్టును. కొత్త పద్ధతి డిస్కులలో సాధారణముగ 128 వరుసలకు చోటుండును. పైగా ఆ పట్టికకు నకలు ఒకటి డిస్కు చివర భద్రపరచబడి యుండును.

రెండవది వాకిలి. మీట నొక్కగనే ఏ వ్యవస్థను లేపవలెనో చూచుకొను చిన్న ప్రోగ్రామును బూట్ లోడరు అందురు. రెండు వ్యవస్థలు పెట్టునప్పుడు లినక్సు తన బూట్ లోడరును, అనగా గ్రబ్ అనుదానిని, వాకిలి కాపలాగా నిలుపును. తెరపై "లినక్సు కావలెనా, విండోస్ కావలెనా" అని వరుస చూపునది ఈ గ్రబ్‌యే. గమనింపవలసిన విషయమేమనగా, కాపలావాడు వాకిలి దగ్గర నిలిచియున్నను, అతని సామానంతయు లినక్సు వాటాలోనే ఉండును. ఎవరిని ఎట్లు పిలువవలెనో తెలుపు జాబితా కూడ అక్కడనే ఉండును.

మూడవది కొత్త యంత్రములకు మాత్రమే వర్తించును. పాత బయాస్‌కు బదులుగా వచ్చిన యూఈఎఫ్‌ఐ పద్ధతిలో, డిస్కునందు ఒక చిన్న ఉమ్మడి వాటా ఉండును. దానికి ఈఎఫ్‌ఐ పార్టిషను అని పేరు. విండోస్ బూట్ లోడరు ఒక ఫోల్డరులోను, లినక్సు బూట్ లోడరు మరియొక ఫోల్డరులోను అందు ప్రక్కప్రక్కన ఉండును. వీరిలో ముందు ఎవరిని పిలువవలెను అను వరుస, డిస్కులో గాక, మదర్‌బోర్డు మీది జ్ఞాపకములో వ్రాసియుండును.

ఈ మూడింటిని ఎరిగినచో, వాటాను మాత్రమే చెరిపినవాడు లినక్సును మూడవ వంతు మాత్రమే తొలగించినాడని తెలియును. మిగిలిన రెండు వంతులు అతని దారికి అడ్డముగ నిలుచును.

ఆత్మకూరులో జరిగినది

ఆత్మకూరులో మేము చూచిన కంప్యూటరు పాత బయాస్ పద్ధతిది. దానిని వాడువారు ఇద్దరు: ఇంటి పెద్దాయన, ఆయన మనుమడు. పెద్దాయన పాసుపుస్తకము నకలు, పింఛను కాగితముల బొమ్మలు, కీర్తిశేషురాలైన భార్యతో కూడ తీసిన ఫోటోలు విండోస్ వైపున డి డ్రైవులో ఉన్నవి. మనుమడు తన చదువు కొఱకు పెట్టుకొన్న లినక్సు ఇక అక్కర లేదనుకొని, ఒక సాయంకాలము విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి, లినక్సు వాటాను చెరిపినాడు. పది నిమిషముల పని. చెరిపిన పిమ్మట విండోస్ ఎప్పటివలెనే నడచుచున్నది. పని ముగిసినదని సంతోషించి యంత్రమును ఆర్పినాడు.

మరునాటి ఉదయమున మీట నొక్కగా నల్లని తెర వచ్చినది. దానిపై "గ్రబ్ రెస్క్యూ" అను రెండు మాటలు, ప్రక్కన మిణుకు మిణుకుమను గీత. మరి ఏమియు లేదు.

పెద్దాయన ప్రక్కనే కూర్చుండి చూచుచున్నారు. "ఏందబ్బయ్యా ఇది? నా కాగితాలు కూడా పొయినాయా?" అని అడిగిరి.

"లేదు జేజినాయనా, పొయ్యుండవు" అని కుర్రవాడు అన్నాడే గాని, ఆ మాటలో ధైర్యము లేదు. తెలిసినవారిని అడుగగా ఒకరు, "అంతా ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా ఎక్కించడమే" అని చెప్పిరట. మేము పోవు సమయమునకు అతడు ఆ పనికే సిద్ధపడుచున్నాడు.

జరిగినదేమో యోచింతము. వాటాను చెరిపినప్పుడు దానితో పాటు గ్రబ్ సామానంతయు పోయినది. కాని మొదటి 512 బైట్ల గడిలో గ్రబ్ ముక్క ఒకటి మిగిలియున్నది. మీట నొక్కగనే అది మేలుకొని, తన సామాను కొఱకు లినక్సు వాటాను వెదకి, కానక, అచ్చటనే నిలిచిపోయినది. విండోస్ వాటాకు గాని, డి డ్రైవునకు గాని కించిత్తును హాని కలుగలేదు. ఇంటిలో సామాను ఎక్కడిది అక్కడనే ఉన్నది. వాకిలి మాత్రము తెరచువాడు లేడు. నిజమైన నష్టము ఆ నల్లని తెర వలన రాదు. దానిని చూచి భయపడి, మరుక్షణము చేయబోవు పని వలన వచ్చును. డిస్కు అంతయు ఫార్మాటు చేసియుండినచో పెద్దాయన ఫోటోలు పోయెడివి.

దీనికి మందు చిన్నది. వేరొక కంప్యూటరులో విండోస్ ఇన్‌స్టాల్ చేయు పెన్ డ్రైవును సిద్ధము చేయించితిమి. 8 గిగాబైట్ల పెన్ డ్రైవు అందులకు చాలును. దానితో యంత్రమును మేలుకొలిపి, "ఇన్‌స్టాల్" అను మీటను ముట్టక, క్రింది మూలనున్న "రిపేర్" అను మాటను ఎన్నుకొని, కమాండ్ ప్రాంప్ట్ తెరచి, బూట్‌రెక్ అను ఆజ్ఞను ఫిక్స్ ఎంబీఆర్ అను సూచనతో ఇచ్చితిమి. ఇది మొదటి గడిలోని 446 బైట్ల ఆజ్ఞలను మాత్రము విండోస్‌వి చేసి తిరిగి వ్రాయును. వాటాల పట్టికను ముట్టదు. యంత్రమును ఆర్పి వెలిగింపగా విండోస్ తెర వచ్చినది. పెద్దాయన మొదట పాసుపుస్తకమును చూడలేదు. ఫోటోలు తెరిపించుకొని చూచిరి.

ఉదయగిరిలో జరిగినది

ఆత్మకూరు నుండి వాయవ్యముగ పోయినచో మెట్ట పొలములు, చిట్టడవులు దాటి ఉదయగిరి చేరుదుము. ఊరి పైన దుర్గము నిలిచియున్నది. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుండి గెలిచిన దుర్గమిదియే. ఆ కొండ క్రింది ఊరిలో కొయ్యతో గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కు కళ తరతరములుగ సాగుచున్నది. మేము పోయినది అట్టి పనివారి ఇంటికి. ఇంటి పెద్ద కుమార్తె వచ్చిన ఆర్డరులను, పంపిన సరకుల లెక్కను, చెంచాల ఫోటోలను ల్యాప్‌టాపులో వ్రాసి ఉంచుకొనును. ఆమె తమ్ముడు చదువుకొఱకు పెట్టిన లినక్సులోనే ఆ లెక్కలన్నియు ఉన్నవి. ఇప్పుడు చోటు చాలక లినక్సును తీసివేయవలెనని ఇద్దరును నిశ్చయించిరి.

తమ్ముడు ల్యాప్‌టాపు తెరవగానే అక్క ఒక షరతు పెట్టినది. "ముందు నా లెక్కలు వేరే చోట తెరిచి చూపించు. ఆ తర్వాతే ఏదైనా చెరుపు."

"కాపీ చేశానులే ఆపా" అన్నాడు తమ్ముడు.

"కాపీ చేయడం కాదు, తెరిచి చూపించు" అని ఆమె మరల అన్నది.

ఈ పనికి సంబంధించిన మొదటి సూత్రము ఆ ఒక్క మాటలోనే ఉన్నది. అచ్చట అనుసరించిన క్రమమును ఒక్కొక్కటిగ చెప్పెదము.

మొదట, నకలు. లినక్సు తన వాటాలో సామాన్యముగ ఈఎక్స్‌టీ 4 అను పద్ధతిలో ఫైళ్ళను దాచును. విండోస్ తనంత తాను దీనిని చదువలేదు. కాబట్టి నకలు తీయవలసినది లినక్సు బ్రతికియుండగా, లినక్సులోనే. లినక్సు నుండి విండోస్ వాటాలోనికి నేరుగ నకలు వేయ జూచినచో ఒక్కొక్కప్పుడు వ్రాయనీయదు. ఫాస్ట్ స్టార్టప్ అను ఏర్పాటు వలన విండోస్ పూర్తిగ ఆరక, అర్ధనిద్రలో ఉండుటయే కారణము. అందుచేత పెన్ డ్రైవు గాని, ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కు గాని మేలు. ఇంటివాడి ఫోల్డరు మొత్తము తీయవలెను. చుక్కతో మొదలగు పేరు గల ఫోల్డర్లు మామూలుగ కంటికి కనబడవు. బ్రౌజరులో దాచుకొన్న గుర్తులు మొదలైనవి అందే ఉండును. వానిని కూడ కనబడునట్లు చేసి తీసికొనవలెను. ఆ తరువాత పెన్ డ్రైవును వేరొక యంత్రమునకు పెట్టి, నాలుగు ఫైళ్ళయినను తెరచి చూడవలెను. ఉదయగిరిలో అట్లు చూడగా, ఫోటోల ఫోల్డరు ఒకటి సగమే వచ్చినట్లు తేలినది. మరల నకలు తీసిరి. అక్క అడుగకుండినచో ఆ సగము లినక్సుతోనే పోయెడిది.

రెండవది, డిస్కు పటము. లినక్సులో ఉండగానే ఏ వాటా ఎంత పరిమాణము, ఏ పద్ధతి అను వివరమును కాగితముపై వ్రాసికొనవలెను. లినక్సులో అన్ని వాటాల పద్ధతియు స్పష్టముగ కనబడును. విండోస్‌లో లినక్సు వాటాలు అక్షరము లేక, పేరు లేక కనబడును. చిక్కు ఏమనగా, అక్షరము లేని వాటాలన్నియు లినక్సువి కావు. ఈఎఫ్‌ఐ ఉమ్మడి వాటాకును, విండోస్ రికవరీ వాటాకును కూడ అక్షరముండదు. వానిని చెరిపిన విండోస్‌కే ముప్పు. చేతిలో కాగితమున్నచో పరిమాణమును బట్టి పోల్చుకొనవచ్చును.

మూడవది, తాళము సంఖ్య. కొన్ని ల్యాప్‌టాపులలో బిట్‌లాకర్ అను కట్టుదిట్టముండును. బూట్ వరుసను మార్చినప్పుడు అది అనుమానించి 48 అంకెల రికవరీ కీని అడుగవచ్చును. దానిని ముందే కనుగొని కాగితముపై వ్రాసి పెట్టుకొననిచో, ఇంటివాడే దొంగవలె బయట నిలువవలసి వచ్చును.

నాలుగవది, వాకిలి. యంత్రమును వెలిగించునప్పుడు ఎఫ్ 2, ఎఫ్ 12, ఎస్కేప్ వంటి మీటలలో ఆ కంపెనీ ఏర్పరచిన మీటను నొక్కి, సెట్టింగులలోనికి పోయి, బూట్ వరుసలో విండోస్ బూట్ మేనేజరును మొదటి స్థానమునకు తేవలెను. దాచి, యంత్రమును పూర్తిగ ఆర్పి, మరల వెలిగింపవలెను. గ్రబ్ వరుస కనబడక నేరుగ విండోస్ వచ్చినచో వాకిలి చేతికి వచ్చినట్లే. ఉదయగిరిలో ఇట్లు రెండుసార్లు ఆర్పి వెలిగించి చూచిరి. లినక్సు ఇంకను డిస్కుపై భద్రముగనే ఉన్నది. ఏ కారణము చేతనైన విండోస్ రాకపోయినచో తిరిగి పోవుటకు దారి ఉన్నది. ముందు వాకిలి అనుటలోని లాభమంతయు ఇదియే.

అయిదవది, వాటా. ఇప్పుడు మాత్రమే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరచి, కాగితముతో పోల్చుకొని, లినక్సు వాటాలను ఒక్కొక్కటిగ చెరపవలెను. మధ్యలో విండోస్ "ఈ డిస్కును ఫార్మాటు చేయుదునా?" అని అడిగినచో వలదనవలెను. ల్యాప్‌టాపు ఛార్జరు తగిలించియే ఉండవలెను.

ఆరవది, ఖాళీ అయిన చోటు. ఇది సి డ్రైవునకు కుడిప్రక్కన ఆనుకొని ఉన్నచో మాత్రమే విండోస్ తనంత తాను సి డ్రైవును దానిలోనికి పెంచగలదు. నడుమ రికవరీ వాటా ఉన్నచో పెంచు మీట పని చేయదు. అప్పుడు బలవంతపు ప్రయత్నములు మాని, ఆ చోటును కొత్త డ్రైవుగ చేసికొనుట క్షేమము. ఉదయగిరివారు అట్లే చేసి, దానికి ఇ డ్రైవని అక్షరమిచ్చి, చెంచాల ఫోటోలను అందు పెట్టుకొనిరి.

ఏడవది, మిగిలిన పేరు. ఈఎఫ్‌ఐ ఉమ్మడి వాటాలో లినక్సు ఫోల్డరు, బూట్ వరుసలో దాని పేరు ఇంకను ఉండును. అవి ఉండుట వలన హాని లేదు. కొన్ని మెగాబైట్ల చోటు మాత్రమే పట్టును. తీసివేయ దలచినవారు ఆ ఉమ్మడి వాటాకు తాత్కాలికముగ ఒక అక్షరమిచ్చి, లినక్సు కూర్పు పేరు గల ఫోల్డరును మాత్రమే తీయవలెను. మైక్రోసాఫ్ట్ అను ఫోల్డరును గాని, బూట్ అను ఫోల్డరును గాని ముట్టరాదు. చేయి తిరగనివారు ఈ పనిని మానుకొనినను లోపము లేదు.

రెండును లినక్సులే అయినచో

కొందరు విద్యార్థులు ఒకే డిస్కుపై రెండు లినక్సు కూర్పులను పెట్టుకొందురు. అక్కడను సూత్రము మారదు. వాకిలి కాపలా ఎవరిదో ముందు చూడవలెను. సామాన్యముగ చివర ఎక్కించిన కూర్పు గ్రబ్‌యే కాపలా కాయుచుండును. పోవలసినది అదియే అయినచో, ఉండవలసిన కూర్పును తెరచి, దాని నుండి గ్రబ్‌ను తిరిగి స్థాపించి, జాబితాను కొత్తగ వ్రాయించి, ఆర్పి వెలిగించి చూచుకొనవలెను. కాపలా చేతులు మారినదని రూఢియైన పిమ్మటనే జీపార్టెడ్ వంటి పనిముట్టుతో రెండవ వాటాను చెరపవలెను.

ఇందు మరియొక మెలిక కలదు. రెండు కూర్పులును స్వాప్ అను వాటాను ఉమ్మడిగ వాడుకొనుచుండవచ్చును. దానిని కూడ చెరిపినచో, మిగిలిన కూర్పు ప్రతి ఉదయమును దాని కొఱకు వేచి చూచును. అనేక కూర్పులలో ఈ నిరీక్షణ 90 సెకండ్లు. యంత్రము చెడినదని ఇంటివారు అనుకొందురు. ఎఫ్‌స్టాబ్ అను పట్టికలో చెరిపిన వాటా వరుసను తీసివేసినచో ఆ జాప్యము పోవును.

పొరపాటున చెరిపినచో

ఒక వాటాకు బదులు మరియొకటి చెరిపినవారు అధైర్యపడరాదు. అంతకంటె ముఖ్యముగ, ఏ పనియు చేయరాదు. వాటాను చెరుపుటయనగా పట్టికలోని వరుసను కొట్టివేయుటయే. పొలము ఎక్కడికిని పోదు. ఆ చోట కొత్తదేదియు వ్రాయనంత వరకు, టెస్ట్‌డిస్క్ వంటి పనిముట్టుతో పాత హద్దులను కనుగొని ఆ వరుసను తిరిగి వ్రాయించుటకు అవకాశము కలదు. తిరుగు పలకలు గల పాత హార్డ్ డిస్కులలో ఈ అవకాశము హెచ్చు. నేటి ఎస్‌ఎస్‌డీలలో, చెరిపిన చోటును యంత్రమే లోలోపల తుడిచివేయు ఏర్పాటుండుట చేత, ఆ అవకాశము తగ్గును. రెండింటికిని మొదటి చికిత్స ఒక్కటే: యంత్రమును ఆర్పి, తెలిసినవారి దగ్గరకు తీసికొని పోవుట.

ఇందు నుండియే మరియొక జాగ్రత్తయు పుట్టుచున్నది. కంప్యూటరును ఇతరులకు అమ్మ దలచినవారు, వాటాను చెరిపితిమి గదా అని నిశ్చింతగ ఉండరాదు. మనకు తిరిగి దొరకగలిగినది కొన్నవానికిని దొరకును.

ఆత్మకూరు కుర్రవాడు తెలివి తక్కువవాడు కాడు. అతడు చెరిపిన వాటా చెరపవలసినదే. ఒక్క గీత కూడ తప్పు చెరపలేదు. తప్పు వరుసలో వచ్చినది. ఉదయగిరి పిల్లవాడు అతనికంటె ఎక్కువ చదివినవాడును కాడు. అతని ప్రక్కన, ఫోటోలు తెరచి చూపినగాని చేయి కదలనీయని అక్క ఉన్నది. మీ ఇంటను ఈ పని చేయవలసి వచ్చినప్పుడు, ఆ కంప్యూటరులో ఎవరి వస్తువులున్నవో వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. తమకు కావలసినది వేరొక చోట తెరచి కన్నులార చూచిన తరువాత, యంత్రము రెండవ వ్యవస్థతో నేరుగ మేలుకొనిన తరువాత, అప్పుడు చెరపుడు. ఈ రెండును జరుగక ముందు చెరుపుటకు తొందర యేమియు లేదు. వాటా ఎక్కడికిని పారిపోదు.